సంజ్ఞలకు కొలువేదీ?

చట్టం ఒక శాతం కోటా ఇచ్చింది. కోల్‌కతా బధిరులకు అసలు చిక్కు ఉద్యోగం దొరికాకే మొదలవుతుంది.

కోల్‌కతాలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులోని బధిర పాఠశాల 1893లో మొదలైంది. ఈ తరహా బడుల్లో దేశంలోనే అతి పాతవాటిలో ఇదొకటి. తొలినాటి నిర్వాహకుల్లో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ బ్రిటన్, అమెరికా వెళ్లి బోధన నేర్చుకొచ్చారు. కానీ ఆ కాలపు పద్ధతే వేరు. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ సంజ్ఞలను తరగతి గది నుంచి సాగనంపింది. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవాలి, గొంతుతో పలకాలి. పిల్లల శక్తంతా ఆ సాధనకే ఖర్చయితే చదువుకు మిగిలేదెంత? కుట్టుపని, వడ్రంగం, అచ్చుపని లాంటి చేతిపనులే బధిరులకు తగినవన్న అభిప్రాయం దేశమంతటా అలానే స్థిరపడింది.

ఆ అభిప్రాయాన్ని చట్టం కొంత కదిలించింది. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు మూడు శాతం కేటాయించింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దాన్ని నాలుగు శాతం చేసింది. రెండింటిలోనూ వినికిడి లోపం ఉన్నవారి వాటా ఒక శాతమే. 2011 జనగణనలో వీరి సంఖ్య 50 లక్షలు దాటింది. పైగా కోటా వర్తించేది 'గుర్తించిన' పోస్టులకే. 2021 జనవరిలో కేంద్రం 3,566 పోస్టులను ప్రకటించింది గానీ, అది అన్ని రకాల వైకల్యాలకూ కలిపి.

కొలువు దొరికినా ఫోను, సమావేశం, పదోన్నతి శిక్షణ అన్నీ మాట చుట్టూనే తిరుగుతాయి. అందుకే అందరి కళ్లూ ఇప్పుడు అనువాదకుల మీద. నగరం ఉత్తరాన బన్‌హుగ్లీలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. (ఆ పేరు తెలుగువారికి కొత్త కాదు, ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ ఆయన.) భారతీయ సంజ్ఞా భాషకు 2018లో 3,000 పదాలతో వచ్చిన నిఘంటువు 2021కి 10,000 పదాలకు పెరిగింది. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టులో విచారణకు హాజరయ్యారు.

ఆఫీసుల్లో ఆ సాయానికి డబ్బెవరిస్తారు? ప్రభుత్వ కార్యాలయాలు తగిన సర్దుబాట్లు చేయాల్సిందేనని 2016 చట్టం చెబుతోంది. ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలని మాత్రం అంటోంది. వాటికి కోటా లేదు, ఐదు శాతం మందిని తీసుకుంటే ప్రభుత్వం ప్రోత్సాహకాలివ్వవచ్చు, అంతే.