ఘాటీలో మా అన్నయ్య బండి

లారీ ఇంజనుకీ, ఇల్లాలి మెడలోని నానుకీ యేమిటి సంబంధమని మీరు అడగవచ్చు. మా ఇంట్లో వుంది. అదే చెబుతాను.

మాది సాలూరు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. విశాఖపట్నం నుంచి రాయపూరు వెళ్లే దారిలో మా వూరు దాటగానే కొండ మొదలు. సుంకి ఘాటీ ఎక్కితే అవతల ఒరిస్సా. అందుకే మా వూళ్లో పొలం మాట రాని అరుగు వుండవచ్చు గాని, లారీ మాట రాని అరుగు వుండదు.

1979లో మా అన్నయ్యకి వొక పాత టాటా లారీ వుండేది. ఉప్పు బస్తాలతో ఘాటీ ఎక్కేసరికి దానికి ఆయాసం వచ్చేది. వొక మలుపు దగ్గర తప్పకుండా ఆగిపోయేది. క్లీనరు కుర్రాడు దుంగ పుచ్చుకు దూకి వెనక చక్రానికి అడ్డం వేసేవాడు. ఆ కుర్రాడు వొక్క క్షణం ఆలస్యం చేస్తే బండి, బస్తాలు, అన్నయ్య అందరూ లోయలోకే. వదిన రాత్రుళ్లు నిద్రపోయేది కాదు.

పంపు మీద స్క్రూ కాస్త తిప్పించి డీజిలు ఎక్కువ పోయిస్తే బలం వస్తుందని ఎవరో అన్నయ్య చెవిలో వేశారు. మేస్త్రి దగ్గరికి వెళ్లి అదే అడిగాడు. నేనూ వెంట వున్నాను. మేస్త్రి మాట్లాడకుండా షెడ్డు మూల గోనెసంచిలోంచి వొక పిస్టను తీసి నా చేతిలో పెట్టాడు. నెత్తి మీద కరిగి, రూపాయి బిళ్లంత బెజ్జం!

“ఇదీ స్క్రూ తిప్పిన బండిదే, బాబూ. డీజిలు పోస్తావు సరే, అది కాలడానికి గాలేదీ? సగం పొగై పోతుంది, తక్కిన వేడి పిస్టన్ని తింటుంది” అన్నాడు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. గాలిని పదిహేను ఇరవై రెట్లు నొక్కితే అదే కణకణలాడుతుంది. అందులో డీజిలు చిమ్మితే భగ్గుమంటుంది. ఆ నొక్కుడు సందుల్లోంచి జారిపోతే యింక బలమెక్కడిది? మా బండిది 692 ఇంజను. ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు అని దానర్థం. (తర్వాత వచ్చిన 697కి బోరు 97. పేరులోనే కొలత చెప్పే వస్తువులు నాకు ఇష్టం.)

హెడ్డు విప్పాక మేస్త్రి నా వేలు పట్టుకుని లైనరు లోపల పైకి రాయించాడు. పై అంచుకి కొంచెం కిందుగా గోటికి మెట్టులా తగిలింది. రింగులు పైదాకా వచ్చి వెనక్కి తిరిగే చోట లోహం ఎక్కువగా అరుగుతుందట. గుండ్రంగా వుండవలసిన బోరు పైన వెడల్పై, గరాటులా తయారయింది. పొగగొట్టంలోంచి నీలం పొగ వచ్చేదంటే, కిందనుంచి ఇంజనాయిలు ఎక్కి కాలిపోతూ వుండడమే.

ఖర్చు మాట విని అన్నయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఆ రాత్రి వదిన నాను తీసి బల్ల మీద పెట్టింది. పుట్టింటివారు పెట్టినది. మాటలేమీ జరగలేదు.

పాత లైనర్లు లాగి కొత్తవి దించారు. క్రాంకుషాఫ్టు విశాఖపట్నం పంపి గ్రైండింగు చేయించారు. వాల్వులకి మేస్త్రి తానే పేస్టు రాసి సీట్ల మీద నూరాడు. కిరసనాయిలు పోసి చుక్క కారలేదని చూసే దాకా వదల్లేదు. నాజిళ్లు డీజిలుని చుక్కలుగా కాకుండా మంచులా చిమ్ముతున్నాయో లేదో చూశాడు. పంపుని మాత్రం కాలిబ్రేషనుకి పంపి, కంపెనీ కొలతకే పెట్టించి సీలు వేయించాడు. అన్నయ్య మొహం చిన్నబోయింది.

“రెండువేల కిలోమీటర్ల దాకా సగం లోడే, బాబూ. రింగులూ లైనర్లూ వొకదానికొకటి అలవాటు పడాలి.”

కాని మర్నాడే వొక వ్యాపారి నిండు లోడు యిస్తానన్నాడు. వాయిదా కట్టవలసిన నెల. అన్నయ్య సరేనని చెప్పి ఇంటికి వచ్చాడు. వదిన గుమ్మంలో నిలబడి, “నా నాను ఆ ఇంజనులోనే వుంది. నాలుగు రోజులు ఓపిక పట్టలేరా?” అన్నది. ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. అన్నయ్య వెళ్లి లోడు వద్దని చెప్పి వచ్చాడు. వాయిదాకి వొక స్నేహితుణ్ణి బతిమాలుకున్నాడు.

రెండువేలూ తిరిగాక నిండు ఉప్పు బస్తాలతో ఘాటీ ఎక్కాం. నేను ముందు కూర్చున్నాను. ఇంజను మోత మారలేదు, వెనక పొగ పల్చగా వుంది. ఆ మలుపు వచ్చింది. క్లీనరు అలవాటు కొద్దీ దుంగ పుచ్చుకు దూకేశాడు. బండి ఆగలేదు. అన్నయ్యకి వాడు దూకిన సంగతే తెలియలేదు. అద్దంలో చూద్దును గదా, దుంగ భుజాన వేసుకుని, “ఆపండి బాబో!” అంటూ కుర్రాడు కొండ మీదికి పరుగెత్తుకు వస్తున్నాడు.