తుమ్ములకిచ్చిన గోలీ దమ్ముకు పనిచేస్తుందా?

“తుమ్ములకు మీరిచ్చిన గోలీలే సారూ, దమ్ము లేస్తే రెండేసి ఏసుకున్న. తగ్గలే.”

క్రిందటి వరికోతల్లో ఒక అర్ధరాత్రి మా చిట్యాల ఆసుపత్రిలో, బల్లమీద ముందుకు వంగి కూర్చుని, మాటమాటకూ ఆగుతూ ఒక రైతు చెప్పిన సంగతి ఇది. పిల్లికూతలు గది బయటికి వినిపిస్తున్నాయి.

ఆ గోలీ సి.పి.ఎం. యాంటీ హిస్టమిన్ జాతి మందు. తుమ్ములకు, దద్దుర్లకు మంచిదే. మరి దమ్ముకు ఎందుకు చాలలేదు?

మన ముక్కులో, చర్మంలో, ఊపిరి గొట్టాల గోడల్లో మాస్ట్ కణాలని వుంటాయి. వాటినిండా హిస్టమిన్ రేణువులే. ఒంటికి పడని దుమ్మో, వయ్యారిభామ పుప్పొడో తగలగానే అవి సంచి విప్పినట్లు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. అది తాళంలో చెవి దూరినట్లు పక్క కణాలలో దూరుతుంది. దాంతో దురద, తుమ్ములు. యాంటీ హిస్టమిన్ చేసే పనల్లా ఆ తాళంలో తాను ముందే దూరి కూర్చోవడం. సంచి విప్పకుండా ఆపడం దాని అసలు పని కాదు. ప్రయోగశాలలో మనిషి ఊపిరితిత్తి ముక్కలపై పరీక్షిస్తే, ఈ జాతి మందుల్లో కొన్ని తక్కువ పాళ్లలో హిస్టమిన్ విడుదలను తగ్గించాయి. పాళ్లు బాగా పెంచితే అవే విడుదల చేయించాయి! గాజు పాత్రలో జరిగింది ఒంట్లో అచ్చంగా అలాగే జరగదనుకోండి. అయినా రెండు గోలీలకు రెండింతల గుణమనే లెక్క మాత్రం తప్పు. రెండింతలయ్యేది నిద్రమత్తు. హైవే మీద లారీ నడిపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పైగా దమ్ములో దోషి హిస్టమిన్ ఒక్కటే కాదు. ఆ కణాలే ల్యూకోట్రయిన్లనూ తయారుచేస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త సామ్యుయెల్సన్ 1979లో పెట్టిన పేరిది. గొట్టాలను బిగించడంలో ఇవి హిస్టమిన్ కన్నా ఎన్నో రెట్లు గట్టివి. సి.పి.ఎం. వీటి జోలికే పోదు.

ఆ రాత్రి రైతుకు ఆక్సిజన్, సాల్బుటమాల్ ఆవిరి, స్టిరాయిడ్ ఇచ్చాం. తెల్లవారేసరికి చాయ్ అడిగాడు. పీల్చే స్టిరాయిడ్ మందు రోజూ వాడమంటే మాత్రం, “పంపు అలవాటైతది గద సారూ” అన్నాడు. అందరి భయమూ అదే. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో వుంటుంది, నేరుగా గొట్టాలకే చేరుతుంది. బాగున్నప్పుడూ మానకూడదు. వాడాక నోరు పుక్కిలించాలి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసమున్నా, పెదవులు నీలిబారినా గోలీలు వెతుక్కుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.