సాగేది సరే... వెనక్కి వచ్చేదే ఎలాస్టిక్!

ఎలాస్టిక్ లేని ఇల్లు ఎక్కడైనా ఉందా, చెప్పండి? పాపాయి చెడ్డీకి, జడ బ్యాండుకి, పరుపు మీది దుప్పటి మూలలకి... అన్నిటికీ అదే కావాలి. అయితే "ఎలాస్టిక్ అంటే ఏమిటి?" అని ఎవరినైనా అడిగి చూడండి. "సాగేది" అని ఠక్కున అంటారు. అది సగం జవాబే సుమా! బెల్లం పాకం కూడా సాగుతుంది. కానీ సాగాక మళ్లీ మొదటి రూపానికి రాదు. సాగి, వదలగానే యథాస్థితికి వచ్చేదే ఎలాస్టిక్.

మాట పుట్టుక

గ్రీకు భాషలో 'తోలడం, ముందుకు నడపడం' అనే అర్థమున్న మాట నుంచి ఇది వచ్చింది. 17వ శతాబ్దంలో యూరప్ పండితులు దీన్ని మొదట వాడింది గాలి గురించి. అణిచిపెట్టిన గాలి వదలగానే మళ్లీ వ్యాపిస్తుంది కదా, ఆ గుణానికి పెట్టిన పేరిది. 1820లో లండన్‌లో థామస్ హాంకాక్ చేతి తొడుగులకూ, మేజోళ్లకూ రబ్బరు పట్టీలు వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే అప్పటి రబ్బరు వేడికి జిగురయ్యేది, చలికి బిరుసెక్కేది. గంధకం కలిపి వేడి చేస్తే ఆ బెడద పోతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1845లో స్టీఫెన్ పెర్రీ రబ్బరు బ్యాండుకి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ లెగ్గింగుల్లో కలిపే సాగే దారం, అంటే స్పాండెక్స్, 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ తయారుచేసినది.

మన 'సాగు' మాటేమిటి?

మా దొర్నిపాడు నల్లరేగడి నేలల్లో సాగు అంటే ముందు గుర్తొచ్చేది సేద్యమే. అదే మాటకి ముందుకు వెళ్లడం అనీ, పొడుగవడం అనీ కూడా అర్థాలున్నాయి. బండి సాగుతుంది, పాత చెప్పు సాగుతుంది, ఎవరి ఆటలైనా కొన్నాళ్లే సాగుతాయి. కథ అయిపోయినా సీరియల్‌ని లాగుతుంటే "జీడిపాకంలా సాగదీస్తున్నారు" అని విసుక్కుంటాం. చూశారా, వీటిలో దేనిలోనూ తిరిగి రావడం అనే అర్థం లేదు!

ఆ సంగతి చెప్పేది ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోని 'స్థితిస్థాపకత' అనే మాట. నోరు తిరగదు గానీ, విడదీస్తే ఎంత చక్కగా ఉంటుందో! స్థితి అంటే ఉన్న తీరు. దాన్ని మళ్లీ నిలబెట్టుకునే గుణమే స్థితిస్థాపకత. ఆ లెక్కన రబ్బరు కంటే ఉక్కుకే ఈ గుణం ఎక్కువ అంటే నమ్ముతారా? ఒకే పొడవు, ఒకే మందం ఉన్న తీగలను ఒకే కొలత సాగదీయాలంటే ఉక్కుకి ఎంతో ఎక్కువ బలం కావాలి. అంత గట్టిగా అది తన రూపం కోసం పట్టుబడుతుంది. అయితే దేనికైనా ఒక హద్దుంది. అది దాటితే ఉక్కయినా వంగింది వంగినట్టే ఉండిపోతుంది.

వంటింట్లో...

మైదాపిండి బాగా పిసికి, వేలితో నొక్కి చూడండి. గుంట మెల్లగా పూడుతుంది. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు చేసే పని అది. వెంటనే భక్ష్యాలు తట్టబోతే అంచులు వెనక్కి ముడుచుకుంటాయి. అందుకే నూనె పోసి గంటా రెండు గంటలు నాననిస్తాం. బిగువు సడలి, తట్టినంత మేరా నిలుస్తుంది. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు. అందుకే వేడినీళ్లు పోసి, జిగి తెప్పించి, చేత్తో తడుతూ రొట్టె చేస్తాం. చన్నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి.

పద్దు పుస్తకంలో...

ఎకనామిక్స్‌లో ఇదే మాటని 'వ్యాకోచత్వం' అంటారు. 1890లో వచ్చిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పుస్తకంతో ఇది ప్రచారమైంది. ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుందన్నదే దాని లెక్క. ఉప్పు ధర రెట్టింపయినా కూరలో ఉప్పు తగ్గించలేం. దానికి వ్యాకోచత్వం చాలా తక్కువ. పట్టుచీర ధర పెరిగితే మాత్రం ఈ పండక్కి వద్దులే అనుకుంటాం.

ఒకసారి మీ ఇంటి పద్దు తీసి చూసుకోండి. పిల్లల ఫీజు కదలదు, ఎరువుల అప్పు కదలదు, ఆయన బండికి పెట్రోలు కదలదు. మరి ముడుచుకునేది ఏది? మీ మోకాళ్ల మందులు, మీ కళ్లజోడు, మీ పంటి వైద్యం. అవునా, కాదా?

నడుముకి బిగువు వద్దు

పొలం పనికి వంగి లేచేవాళ్లు చీర జారకూడదని లంగా బొందుని బిగించి ముడేస్తారు. రోజూ ఒకే చోట! బొందు సాగదు కనుక నడుముని ఒరుసుకుంటుంది. నల్లమచ్చ, దురద... "మామూలే" అనుకుంటాం. 2024లో మన దేశపు డాక్టర్లు ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ఇద్దరు పెద్ద వయసు స్త్రీల గురించి రాశారు. ఏళ్ల తరబడి నడుముకి బిగించి కట్టిన చోట మానని పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారిందట. ఇది చాలా అరుదు, భయపడకండి. కానీ వారాల తరబడి మానని పుండుకి పసుపు రాసి దాచుకోకుండా డాక్టరుకి చూపించండి. బొందు వదులుగా కట్టండి. సన్నటి బొందు బదులు వెడల్పు పట్టీ గానీ, మెత్తటి వెడల్పు ఎలాస్టిక్ గానీ వేయించుకోండి. ఎలాస్టిక్ అయినా, విప్పాక ఎర్రటి గాడి కనిపిస్తే అదీ బిగువే.

కొన్ని చిట్కాలు

* ఎలాస్టిక్ ఉన్న బట్టలను మరిగే నీళ్లలో నానబెట్టకండి, బ్లీచింగ్ వేయకండి, నీడనే ఆరేయండి.
* ఎలాస్టిక్‌ని నడుము కొలత కంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువ కత్తిరించండి. కొసకి పిన్నీసు గుచ్చితే మడతలో సులువుగా దూరుతుంది.
* వెండి సామానుకి రబ్బరు బ్యాండు చుట్టకండి. అందులోని గంధకానికి వెండి నల్లబడుతుంది.
* పసిపిల్లల మణికట్టుకి రబ్బరు బ్యాండు వేసి మరిచిపోతే చర్మంలోకి దిగిపోతుంది. ఆటకైనా వేయకండి.

"ఆడదన్నాక సర్దుకుపోవాలి" అని మనకి చెప్పనివాళ్లు లేరు. సర్దుకుందాం, తప్పులేదు. కానీ రాత్రింబవళ్లు లాగిపెట్టి ఉంచితే ఎంత మంచి ఎలాస్టిక్ అయినా వదులైపోతుంది. మధ్యలో వదిలితేనే దాని బిగువు దానికి ఉంటుంది. ఈ నెల పద్దు రాసేటప్పుడు మీ మందులకీ, మీ అవసరాలకీ ఒక వరస గీసుకోండి. ఏం పెరిగినా, ఏం తగ్గినా ఆ వరసని ఉప్పు ఖర్చులా కదలనివ్వకండి!