టిప్పు కాలపు తుపాకులపై సంవత్సరాంకములు: పఠనవిధానము

కడప జిల్లా పులివెందుల ప్రాంతమునందలి తుమ్మలపల్లె నేడు యురేనియము గనిచేత ప్రసిద్ధము. పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ సీమ స్వల్పకాలములోనే మూడు ప్రభుత్వములను చూచినది. 1779లో హైదరాలీ కడప నవాబును జయించెను. 1792 నాటి శ్రీరంగపట్టణ సంధిచే కడప నైజామునకు దక్కెను. 1800లో నైజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. కావున ఇట్టి సీమలో పాత సైనిక తుపాకి కనబడినచో అది ఏ ప్రభుత్వమునాటిదో తేల్చుటకు దానిపై చెక్కిన గుర్తులే ముఖ్యప్రమాణములు.

ఆ గుర్తులలో మిక్కిలి భ్రాంతి కలిగించునది టిప్పు సుల్తాను ఆయుధములపైనున్న సంవత్సరాంకము. పారసీక అంకెలు నాలుగు కనబడగానే హిజరీ శకమని తలచుట సహజము. 1219ని అట్లు తలచినచో క్రీ.శ. 1804–05 అగును. టిప్పు 1799 మే 4వ తేదీననే యుద్ధమున మరణించెను గనుక ఆ తుపాకి కూటసృష్టి యని త్రోసివేయవలసివచ్చును. నిజమునకు అది మౌలూదీ శకము. టిప్పు 1787లో హిజరీ 1201ని విడిచి, మౌలూదీ 1215ను ప్రవేశపెట్టెను. ఆ గణనలో 1219 అనగా 1791–92. సంధి కుదిరిన సంవత్సరమే. శకభేదము నెఱుగకున్న నిజమైన వస్తువు నకిలీ యగును.

రెండవ చిక్కు అంకెల గమనము. మౌలూదీ అంకెలు కుడినుండి ఎడమకు వ్రాయబడినవి. అందుచే 1219 అనునది ఎడమనుండి చదువువారికి 9121గా తోచును. మన శాస్త్రములందలి వామగతితో దీనికి పోలిక కలదు. కాని అభేదము లేదు. మన పద్ధతిలో కుడివైపున మొదట నిలుచునది ఒకట్ల అంకె. టిప్పు పద్ధతిలో వేల అంకె. దిక్కు ఒకటియే, ఆరంభస్థానము వేరు.

ఈ శకమునకు మన పంచాంగముతో గాఢసంబంధము కలదు. అది శుద్ధ చాంద్రమానము కాదు. అధికమాసములతో కూడి, ప్రభవాది షష్టిచక్రమును అనుసరించినది. టిప్పు ఆ అరువది సంవత్సరములకు కొత్త పేర్లు పెట్టెను. పేరులోని అక్షరముల విలువలను కూడినచో చక్రములోని వరుససంఖ్య వచ్చును. మొదట అబ్జద్ క్రమమును, పిదప అబ్‌తస్ క్రమమును వాడెను. ‘జబర్‌జద్’ అను పేరునందలి 20, 2, 10, 5, 8 కలిసి 45 అగును, అది విరోధికృత్తు. కటపయాది యందు ‘జయ’ అనగా 8, 1, వామగతిచే 18. అచట స్థానము ప్రధానము, ఇచట సంకలనము ప్రధానము.

దీనినుండి ఒక సులభసూత్రము లభించును. మౌలూదీ సంఖ్యనుండి 1174 తీసివేసిన షష్టిచక్రములోని సంవత్సరము తెలియును. 572 కలిపిన ఆ సంవత్సరము ఆరంభమగు క్రీస్తుశకము తెలియును. 1227 నుండి 1174 పోగా 53, అనగా సిద్ధార్థి. 572 చేర్చగా 1799. టిప్పు మరణించిన సంవత్సరమిదియే. రెండు మార్గముల ఫలము కుదిరిననే పఠనము నిశ్చితమగును.

తక్కిన గుర్తులు ఈ నిర్ణయమునకు తోడగును. పులిచారలు, హైదరు పేరి తొలి అక్షరమగు ‘హే’, అక్షరములతో కూర్చిన పులిముఖము మైసూరు చిహ్నములు. హృదయాకారమును నాలుగు గదులుగా విభజించి అందు రోమను అక్షరములుంచినది కంపెనీ ముద్ర. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకములో దాని స్థానమును నిలుచున్న సింహము ఆక్రమించెను. కిరీటముతో జార్జి రాజు నామాక్షరములున్నచో అది బ్రిటిషు ప్రభుత్వపు ఆయుధము. అయితే ఏ అంకెయైనను ఆయుధము తయారైన కాలమునే తెలుపును; అది ఆ గ్రామమునకు చేరిన కాలమును తెలుపదు. మైసూరు తుపాకి కంపెనీ దినములలో పాళెగాని బంటు చేతనుండుట అసంభవము కాదు.

పరిశోధకులు తుప్పును గీకరాదు, చింతపండుతో తోమరాదు. లోతులేని గీతలు అట్లు నశించును. పలుచని కాగితముంచి సీసపుకడ్డీతో రుద్ది ప్రతిబింబము తీసికొని, అంకెల దిక్కు, శకము, షష్టిచక్రము అను క్రమమున పరీక్షింపవలెను. పారసీకము నెఱిగినవారును పంచాంగము నెఱిగినవారును కలిసి కూర్చుండిననే ఈ పని సాఫల్యము నొందును.