భిలాయ్ ఉక్కుకు బాట వేసిన న్యాయవాది

భిలాయ్ ఉక్కు కర్మాగారం నేడు భాగమైన ‘సెయిల్’ సంస్థ స్థాపన వెనుక ఒక న్యాయవాది కృషి ఉంది. ఆయనే మోహన్ కుమారమంగళం. మద్రాసు రాష్ట్ర అడ్వకేట్ జనరల్‌గా పనిచేసిన ఈ బారిస్టర్ 1971లో కేంద్ర ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు.

దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం అందినా, కోకింగ్ బొగ్గు లేనిదే భిలాయ్ కొలిమి మండదు. ఆ బొగ్గు గనుల్లో అధికభాగం అప్పట్లో ప్రైవేటు యాజమాన్యాల చేతుల్లో ఉండేది. ఉక్కు సంస్థల సొంత గనులు మినహా మిగిలిన కోకింగ్ బొగ్గు గనులను ప్రభుత్వం 1972లో జాతీయం చేసింది. ఉక్కును, దాని ముడిసరుకులను ఒకే గొడుగు కిందకు తెచ్చే ఆలోచనతో 1973 జనవరి 24న సెయిల్ ఆవిర్భవించింది.

నాలుగు నెలలకే, మే 31న, ఢిల్లీ సమీపంలో జరిగిన విమాన ప్రమాదంలో కుమారమంగళం మరణించారు. 1978 పునర్వ్యవస్థీకరణ చట్టంతో భిలాయ్ నేరుగా సెయిల్ యాజమాన్యంలోకి వచ్చింది.