గాలికి లొంగని కత్తి

రష్యాలోని వోల్గోగ్రాడ్... ఒకప్పటి స్టాలిన్‌గ్రాడ్. 1942-43లో అక్కడ 200 రోజులు యుద్ధం సాగింది. నేలకొరిగిన సైనికుల్లో 34 వేలమందికి పైగా మమయేవ్ కుర్గాన్ గుట్టలోనే సమాధయ్యారు. ఆ గుట్టమీదే కత్తెత్తి బిడ్డల్ని పిలుస్తోంది 'మాతృభూమి' విగ్రహం. కత్తి మొనదాకా 85 మీటర్లు! శిల్పి వుచెటిచ్ రూపమిస్తే, ఇంజినీరు నికితిన్ నిలబెట్టాడు. చిత్రమేమిటంటే దీన్ని పునాదికి బిగించనే లేదు. బల్లమీది చదరంగం పావులా సొంత బరువుతోనే నిలుస్తుంది. ఆ బరువు దాదాపు 8 వేల టన్నులు మరి! లోపలంతా గుల్లే. మందం అడుగుకు మించని కాంక్రీటు గోడల్ని ఉక్కు మోకులు లోపలినుంచి లాగిపట్టి ఉంచుతాయి.

తంటా అంతా కత్తితోనే. 1967లో పెట్టినదానికి టైటానియం రేకులు తొడిగారు. గాలి వీస్తే చాలు... కత్తి ఊగేది, రేకులు గలగలలాడేవి. అందుకే 1972లో, గాలి దూసుకుపోయేలా రంధ్రాలున్న కొత్త ఉక్కు కత్తి అమర్చారు. కాంక్రీటులో పడ్డ పగుళ్లకు చేపట్టిన మరమ్మతులు 2020లో పూర్తయ్యాయి.