లెక్కలోకి రాని పని

శ్రమకు ప్రతిఫలం వేతనమని మీరు వెనుకటి పాఠంలో చదివారు. ఇప్పుడు ఒక చిన్న విషయం ఆలోచించండి. ఒక ఇంట్లో పసివాడిని చూసుకోవడానికి నెల జీతం మీద ఆయాను పెట్టుకున్నారు. ఆమె చేసే పని విలువ దేశ జాతీయాదాయంలో చేరుతుంది. కొన్నాళ్లకు ఆయా మానేసింది. ఊరి నుంచి అమ్మమ్మ వచ్చి అదే పిల్లవాడికి అదే ఉగ్గు పెట్టి, అదే ఉయ్యాల ఊపుతోంది. లెక్క ప్రకారం జాతీయాదాయం ఆ మేరకు తగ్గిపోయింది! పిల్లవాడికి మాత్రం ఏ లోటూ రాలేదు.

ఇటువంటి పనిని వేతనం లేని సంరక్షణ శ్రమ అంటారు. దీనికి రూపాయలలో విలువ కట్టడం సాధ్యమేనా? జంషెడ్‌పూర్‌లో జరిగిన ఒక ఘోరం వల్ల సుప్రీం కోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చింది.

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం. ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు కూడా అక్కడ ఉన్నాయి. టాటా కంపెనీ 1907లో ఏర్పడింది. 1912లో ఉక్కు తయారీ మొదలైంది. రోజుకు ఎనిమిది గంటల పని అనే నియమం కూడా అదే సంవత్సరం అక్కడ అమలులోకి వచ్చింది. దేశంలో అందుకు చట్టం రావడానికి చాలా ముందు అన్నమాట. అంటే కార్మికుడి పనికి మొదలూ చివరా ఉన్నాయి, హాజరు పట్టీ ఉంది, జీతం చీటీ ఉంది.

ఇక ఇంటి సంగతి చూడండి. కర్మాగారం రాత్రింబగళ్లు షిఫ్టుల మీద నడుస్తుంది. ఉదయం షిఫ్టుకు వెళ్లే మనిషికి చీకటితోనే లేచి క్యారేజీ కట్టాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు నిద్రపోతాడు. అంతసేపూ పిల్లలు గోల చేయకుండా ఎవరో ఒకరు ఆడించాలి, బయట తిప్పాలి. చిన్న క్వార్టరులో ఇది తేలిక పని కాదు. తల్లికి వీలు కాకపోతే నాయనమ్మ, ఆమె లేకపోతే పక్క క్వార్టరు పిన్నిగారు, ఎవరూ దొరకకపోతే బడి మాన్పించిన పెద్దకూతురు. వీరిలో ఎవరికీ హాజరు పట్టీ లేదు. "ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటున్నాను" అంటారు.

1989 మార్చి 3న జంషెడ్‌జీ టాటా 150వ జయంతి ఉత్సవం జరిగింది. ఉద్యోగులతో పాటు వారి కుటుంబాలనూ ఆహ్వానించారు. పందిరికి నిప్పంటుకుని 60 మంది మరణించారు, 113 మంది గాయపడ్డారు. మరణించిన వారిలో స్త్రీలూ పిల్లలే ఎక్కువ. నష్టపరిహారం నిర్ణయించే పనిని సుప్రీం కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌కు అప్పగించింది.

నష్టపరిహారం లెక్క ఎలా కడతారో తెలుసుకోండి. మరణించిన వ్యక్తి వల్ల కుటుంబానికి ఏటా ఎంత లాభం కలిగేదో అంచనా వేసి, ఆ మొత్తాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన ఒక సంఖ్యతో గుణిస్తారు. ఆ సంఖ్యను గుణకం అంటారు. ఉద్యోగి అయితే జీతం చీటీ చూస్తే సరిపోతుంది. గృహిణి అయితే ఏం చూడాలి?

చంద్రచూడ్ గృహిణుల సేవల విలువను ఏడాదికి 12,000 రూపాయలుగా, వృద్ధ స్త్రీల విషయంలో 10,000 రూపాయలుగా తీసుకున్నారు. ఇది మరీ తక్కువని సుప్రీం కోర్టు 2001 ఆగస్టులో తీర్పు చెప్పింది. దీనిని లతా వాధ్వా కేసు అంటారు. కుటుంబాన్ని నడపడానికి గృహిణి చేసే రకరకాల పనులను దృష్టిలో పెట్టుకుంటే, తక్కువలో తక్కువగా చూసినా నెలకు 3,000, అంటే ఏడాదికి 36,000 రూపాయలు ఉండాలన్నది. ఇది 34 నుంచి 59 ఏళ్ల వారికి. 62 నుంచి 72 ఏళ్ల వారికి ఏడాదికి 20,000 రూపాయలు.

36,000ను 365తో భాగించి చూడండి. రోజుకు వంద రూపాయలకు కొద్దిగా తక్కువ వస్తుంది. వంట, పిల్లల పెంపకం, రోగుల సేవ అన్నీ అందులోనే. వృద్ధుల లెక్కలో ఇంకొక చిక్కు ఉంది. వయస్సు మీరితే చేసే సేవ తగ్గుతుందని అనుకోవడం అన్ని ఇళ్లకూ సరిపోదు. కోడలు ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో 65 ఏళ్ల అత్తగారే రోజంతా పసిబిడ్డను చంకన వేసుకుని తిరుగుతుంది. ఆ ఇంట్లో ఎవరి సేవ ఎక్కువ?

ఈ ప్రశ్న మళ్లీ 2021 జనవరిలో సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే అంకెలను ఉదహరించారు. ఇంటి పనులకు స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటివారి సంరక్షణకు స్త్రీలు 134, పురుషులు 76 నిమిషాలు. ఇవి ఆయా పనులు చేసేవారి సగటులు. రెండూ చేసే స్త్రీకి కలిపి చూస్తే ఏడు గంటలు దాటుతుంది, మిల్లు షిఫ్టుకు ఇంచుమించు సమానం. ఆరేళ్లు నిండిన వారందరూ సర్వేలో ఉన్నారు కనుక తమ్ముడిని ఎత్తుకున్న అక్క కూడా ఈ లెక్కలోకి వచ్చింది. పక్కింటి పిన్నిగారు మాత్రం రాలేదు. ఈ అంకెలు తమ ఇంటివారికి చేసిన సేవకే పరిమితం.

ఇలా చేసి చూడండి

మీ వీధిలో పసిపిల్లలున్న ఒక ఇంటివారి అనుమతి తీసుకుని, ఒక రోజంతా బిడ్డను ఎవరెవరు ఎంతసేపు చూసుకున్నారో గంటలవారీగా రాయండి. వంట చేస్తూ బిడ్డను కనిపెట్టి ఉంటే రెండు పనులూ రాయండి. ఇరుగుపొరుగు వారికి వేరే గడి గీయండి. రాత్రి బిడ్డ ఏడిస్తే ఎవరు లేచారో మరునాడు ఉదయం అడిగి, ఆ సమయాన్ని కూడా కలపండి.